గ్రనాడా ప్లాన్ అడిగితే ఫణిగిరి దారి చూపించా: ఒక నగరం, ఒక పల్లె, నాలుగు రోజులు

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలైంది. నా దోస్తు ఒకడున్నాడు, మా తుంగతుర్తి వైపు వాడే, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. పోయినేడు మెసేజ్ పెట్టిండు: "మామా, స్పెయిన్ పోతున్నం. సౌత్ సైడ్. నాలుగు రాత్రులు గ్రనాడా సిటీల, నాలుగు రాత్రులు కొండల్ల పల్లెటూర్ల. నీకు హిస్టరీ పిచ్చి గదా, ఏం చూడాల్నో రాసి పెట్టు."

దీన్ని ట్రావెల్ వాళ్లు టూ సెంటర్ ట్రిప్ అంటారు. రోజుకో హోటల్ మారకుండా రెండే చోట్ల సామాను దించుతారు. ఒకటి నగరం, ఒకటి పల్లె. ఆ రెండు చోట్ల నుంచి చుట్టుపక్కల తిరుగుతారు. నేను కూర్చొని చదివి, మూడు పేజీల ప్లాన్ రాసి పంపిన. చివర్లో ఊరికే అడిగిన: "అరే, ఫణిగిరి ఎప్పుడన్నా ఎక్కినవా?" వాడి జవాబు: "బస్సుల పోతుంటే బోర్డు చూసిన."

నవ్వొచ్చింది. కానీ నవ్వే హక్కు నాకూ లేదు. ఫణిగిరి గుట్ట నేను మొదటిసారి ఎక్కింది ఇరవై నాలుగేళ్లకి. అప్పటిదాకా నేనూ బోర్డు చూసినోడినే. అందుకే వాడికి రాసిచ్చిన ప్లాన్‌ని తీసుకొని, అదే కొలతతో మన దగ్గర ఒక ట్రిప్ వేస్తే ఎట్లుంటదో చూద్దామని ఈ ఎపిసోడ్.

ముందు స్పెయిన్ సంగతి కొంచెం చెప్తా, ఎందుకంటే ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. దక్షిణ స్పెయిన్‌ని అందలూసియా అంటారు. క్రీ.శ. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి ముస్లిం సైన్యాలు అక్కడికి వచ్చాయి. చివరి ముస్లిం రాజ్యం గ్రనాడా 1492 దాకా నిలబడింది. గ్రనాడాలో కొండ మీద ఎర్రటి కోట ఉంటుంది, దాని పేరు అల్‌హంబ్రా. 1238లో దాని పని మొదలైంది. ఇన్‌స్టాలో మీరు చూసే ఉంటారు, సన్నటి స్తంభాలు, మధ్యలో నీళ్ల కొలను, గోడల నిండా చెక్కిన అక్షరాలు.

అయితే ఆ కొలనులోకి నీళ్లు ఎక్కడివి? డారో అనే చిన్న నదికి అడ్డుకట్ట వేసి, కొండ అంచున కాలువ తవ్వి తెచ్చినవి. అదే పని పల్లెల్లో కూడా జరిగింది. గ్రనాడాకి వెనకాల సియెర్రా నెవాడా అనే మంచు కొండలు, వాటి దక్షిణం వాలులో అల్పుహారా అనే ప్రాంతం ఉన్నాయి. అక్కడ తెల్ల సున్నం కొట్టిన ఊర్లు: పాంపనేయిరా, బుబియోన్, కపిలేయిరా. మంచు కరిగిన నీళ్లని చిన్న చిన్న కాలువల్లో మలిపి పొలాలకి పారించుకుంటారు. ఆ కాలువల్ని అసేకియాలు అంటారు. ఆ పేరు అరబ్బీ నుంచి వచ్చింది. ముస్లింల కాలంలో తవ్విన కాలువలు కొన్ని ఇప్పటికీ పారుతున్నాయి.

అంటే గ్రనాడా ఒక్కటే చూసి వస్తే మనకు కనిపించేది రాజు. అల్పుహారా కూడా చూస్తే ఆ రాజ్యం ఏం తిని బతికిందో తెలుస్తది. రాజ్యం పోయాక కూడా కథ పల్లెలోనే నడిచింది. 1492 తర్వాత బలవంతంగా మతం మార్చబడ్డ ముస్లింలు 1568లో తిరగబడింది ఆ అల్పుహారా కొండల్లోనే. ఆ తిరుగుబాటుని అణిచేశారు. 1609 నుంచి వాళ్లందర్నీ దేశం నుంచే వెళ్లగొట్టారు. నగరంలో కోట మిగిలింది. పల్లెలో కాలువలు మిగిలినయి, తవ్వినవాళ్లు మిగల్లేదు.

ఇది రాస్తుంటేనే నా బుర్రలో బల్బు వెలిగింది. ఇదంతా మన చెరువుల కథ లెక్కనే ఉన్నది కదా!

సరే, ఇప్పుడు మన ట్రిప్. మొదటి మకాం హనుమకొండ-వరంగల్, రెండు రాత్రులు. రెండో మకాం సూర్యాపేట, ఒక రాత్రి. మధ్యలో దారి కూడా ట్రిప్‌లో భాగమే, దాన్ని నిద్రపోయి దాటించొద్దు.

వరంగల్ మీకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్తా. హనుమకొండ వేయి స్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించింది. తర్వాత వరంగల్ కోట. బయట మట్టి కోట, లోపల రాతి కోట, మధ్యలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు ఏలిన చోటు. 1323లో ఢిల్లీ సైన్యంతో ఉలుగ్ ఖాన్ వచ్చి కోటని పట్టుకున్నాడు. తోరణాలు నిలబడ్డయి, మధ్యలో ఉన్న గుడి మాత్రం ముక్కలై నేల మీద పరిచినట్టు ఉంటది. రెండో రోజు పొద్దున్నే రామప్ప. వరంగల్ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది.

రామప్ప దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ గుడి కట్టించింది రాజు కాదు, కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు. గుడి పక్కనే చెరువు. ఈ జంటని గుర్తు పెట్టుకోండి. రెండో మకాంకి పోయినప్పుడు మళ్లీ కనిపిస్తది.

మూడో రోజు పొద్దున వరంగల్ వదిలి పాలకుర్తి, దేవరుప్పుల, తిరుమలగిరి మీదుగా సూర్యాపేట వైపు రండి. పాలకుర్తి సోమనాథ కవి ఊరు. ఆ పక్కనే పోతన పేరుతో ముడిపడ్డ బమ్మెర. గూగుల్ మ్యాప్ వేరే దారి చూపిస్తే వినొద్దు.

ఈ దారిలోనే ఫణిగిరి. సూర్యాపేట నుంచి చూస్తే దాదాపు 40 కిలోమీటర్లు, నాగారం మండలం. గుట్ట పడగ విప్పిన పాము లెక్క ఉంటదని ఆ పేరు. కింద నుంచి బిక్కేరు వాగు పారుతది. పైకి ఎక్కితే ఇటుకలతో కట్టిన మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువులు ఉండే విహారాలు, స్తంభాల మండపం, వాటి పునాదులు కనిపిస్తయి. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దం నుంచి దాదాపు నాలుగు శతాబ్దాల పాటు ఇక్కడ బౌద్ధం బతికింది. అంటే వరంగల్ కోటకి వెయ్యేళ్ల ముందు సంగతి. నిజాం కాలంలో 1940ల్లో తవ్వారు, మళ్లీ 2000 తర్వాత తవ్వారు. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు, ఇక్ష్వాకుల నాణేలు, రోమన్ నాణెం కూడా దొరికినయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి కాలంలో ఒక రాజవైద్యుడు ఇక్కడ ధర్మచక్ర స్తంభం నిలబెట్టించాడని శాసనం ఉన్నది.

2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రాచీన బౌద్ధ కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. అందులో మన ఫణిగిరి తోరణం ముక్కలు ఉన్నయి. న్యూయార్క్ జనం లైన్‌లో నిలబడి చూశారు. 2024 మార్చిలో ఇదే గుట్ట మీద తవ్వుతుంటే ఒక మట్టి కుండ బయటపడ్డది. అందులో 3,730 సీసం నాణేలు. ఒక వైపు ఏనుగు, ఇంకో వైపు ఉజ్జయిని గుర్తు. ఒకప్పుడు ఎవరో కుండలో నాణేలు పోసి భూమిలో దాచిపెట్టారు. మళ్లీ వచ్చి తీసుకోలేదు. ఏమైందో మనకి తెలవదు, కానీ ఆ మనిషి తిరిగి రాలేదన్నది మాత్రం కుండే చెప్తున్నది.

ఇంత మారుమూల గుట్ట మీదికి రోమన్ నాణెం ఎట్లొచ్చింది? జవాబేందంటే, అప్పుడు ఇది మారుమూల కాదు. కృష్ణా లోయలోని బౌద్ధ కేంద్రాల నుంచి పడమటి దక్కన్ వైపు పోయే వర్తకుల దారుల మీద ఉన్న చోటు. చుట్టుపక్కల వర్ధమానుకోట, తిరుమలగిరి, గాజులబండ, అర్వపల్లి, వీటన్నిట్లో బౌద్ధం ఆనవాళ్లు ఉన్నయి. ఏది సిటీ, ఏది పల్లె అనేది కాలాన్ని బట్టి మారుతదని నాకు అర్థమైంది ఆ గుట్ట మీదనే.

నా తప్పు ఒకటి చెప్తా, మీరు చేయకండి. మొదటిసారి పోయినప్పుడు ఏప్రిల్ నెల, మధ్యాహ్నం పన్నెండు, చేతిలో అర లీటరు నీళ్ల సీసా. పైకి ఎక్కేసరికి కళ్లు తిరిగినయి. స్తూపం పక్కన కూర్చొని ఫొటోలు తీసుడు తప్ప ఏం చూడలేదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పోండి, పొద్దున ఎనిమిది లోపు ఎక్కండి.

నాలుగో రోజు పిల్లలమర్రి. సూర్యాపేటకి ఆనుకొనే ఉంటది, హైదరాబాద్-విజయవాడ రోడ్డు నుంచి కొంచెం లోపలికి. ఇక్కడ మూడు పాత శివాలయాలు. నామేశ్వరాలయం 1202లో రేచర్ల నామిరెడ్డి కట్టించింది. ఎరకేశ్వరాలయం 1208లో కట్టించింది ఒక ఆడమనిషి, బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ. గుడికి తన పేరే పెట్టుకుంది. రామప్ప కంటే ఐదేళ్లు ముందు, అల్‌హంబ్రా కంటే ముప్పై ఏళ్లు ముందు. నల్లరాతి స్తంభాలు అద్దం లెక్క నున్నగా ఉంటయి. రేచర్ల అనే ఇంటిపేరు రామప్ప దగ్గర విన్నాం కదా, ఇక్కడ కూడా అదే. గుళ్ల దగ్గరే చెరువు, అదీ అక్కడి లెక్కనే.

ఇప్పుడు అసలు పాయింట్. కాకతీయుల రాజ్యం వరంగల్ కోటలో కూర్చొని నడిచింది కాదు. ఇట్లాంటి పిల్లలమర్రులు వందల కొద్దీ ఉంటేనే నడిచింది. రాజు దూరంలో ఉంటాడు, ఊర్లో సామంతుడు చెరువు కట్టిస్తాడు, గుడి కట్టిస్తాడు, గుడికి భూమి ఇస్తాడు. చెరువు కట్టించినవాళ్లకి దాని కింద పారే భూమిలో పదో వంతు మాన్యంగా ఇచ్చే పద్ధతి ఉండేది, దాన్ని దశబంధం అంటారు. వాన తక్కువ పడే ఈ ఎర్ర నేలలో వరి పండిందంటే ఆ చెరువుల వల్లే. ఆ వడ్లే పన్నుగా వరంగల్ పోయినయి. గ్రనాడా అల్పుహారా మీద బతికినట్టు వరంగల్ మన ఊర్ల మీద బతికింది.

ఇంకో ఉదాహరణ చెప్తా. రుద్రమదేవి ఎప్పుడు చనిపోయింది? ఇంత పెద్ద రాణి, ఆ ముచ్చట వరంగల్ కోటలో ఎక్కడో చెక్కి ఉంటదనుకుంటాం. లేదు. నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊర్లో ఒక రాయి మీద ఉన్నది. పువ్వుల ముమ్మడి అనే అతను, శివలోకం చేరిన రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని గుడికి భూమి దానం చేసిండు. తేదీ 1289 నవంబర్. ఆ శాసనం చదివాకే చరిత్రకారులు రాణి ఆఖరి రోజులని లెక్క కట్టగలిగారు. ఒక మహారాణి మరణవార్త ఏడు వందల ఏళ్లు దాచి పెట్టింది ఒక పల్లెటూరి రాయి. ఆ రాయిని ఎవరన్నా బట్టలు ఉతికే బండగా వేసుకొని ఉంటే?

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఇది మంచి టూరిస్ట్ వీడియో అయితది. కానీ నిజం చెప్పాలంటే, నాకు ఎరకేశ్వరాలయం దగ్గర ఒక ప్రశ్న మొదలైంది. శాసనంలో ఎరకసానమ్మ పేరుంది, రాజు పేరుంది. చెరువు కట్ట మీద తట్టలు మోసినవాళ్ల పేర్లు ఏవి?

ఆ పేర్లు ఇదే దారిలో మనకు దొరుకుతయి, కాకపోతే ఏడు వందల ఏళ్లు ఆగాలి.

మూడో రోజు వచ్చిన దారిని మళ్లీ గుర్తు చేసుకోండి. దేవరుప్పుల పక్కనే కడవెండి. 1946 జులై 4న విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చితే దొడ్డి కొమరయ్య చనిపోయిన ఊరు. అక్కడి నుంచే తెలంగాణ సాయుధ పోరాటం భగ్గుమంది. అంతకంటే ముందే, అదే దేశ్‌ముఖ్‌తో తన కొద్దిపాటి భూమి కోసం కోర్టులో కొట్లాడి గెలిచిన షేక్ బందగీని చంపేశారు. ఆయన సమాధి కామారెడ్డిగూడెం దగ్గర, జనగామ-సూర్యాపేట రోడ్డు మీదే. 'మా భూమి' నాటకానికి ఆధారం ఆయన కథే. పాలకుర్తిలో తన పంటని, తన భూమిని వదలని చాకలి ఐలమ్మ. ఇక మా తుంగతుర్తి మండలం కర్విరాల కొత్తగూడెంలో పుట్టిన అన్నాచెల్లెళ్లు భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యం. భూములున్న ఇంట్లో 1931లో పుట్టిన స్వరాజ్యం తుపాకీ పట్టి దళంలో తిరిగింది. ఆమె తల మీద పది వేల రూపాయల వెల కట్టారు. 1978లో, 1983లో ఇదే తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచింది. 2022 మార్చి 19న పోయింది.

ఇప్పుడు మళ్లీ స్పెయిన్ వైపు ఒకసారి చూడండి. అందలూసియాలో కూడా ముస్లిం రాజ్యాలు పోయాక భూములు పెద్ద పెద్ద ప్రభువుల చేతికి, చర్చి చేతికి పోయినయి. ఇరవయ్యో శతాబ్దంలో కూడా అక్కడ వేల ఎకరాల ఎస్టేట్లు, భూమి లేని కూలీలు. పొద్దున్నే ఊరి నడుమ నిలబడితే మేస్త్రీ వచ్చి ఇవ్వాళ నువ్వు రా, నువ్వొద్దు అని ఏరుకునేవాడు. 1932లో భూసంస్కరణ చట్టం తెచ్చారు, అది సరిగ్గా అమలు కాకముందే 1936లో అంతర్యుద్ధం వచ్చింది. మన దగ్గర 1948 సెప్టెంబర్‌లో నిజాం రాజ్యం పోయింది, 1949లో జాగీర్లు రద్దయినయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. అదే 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చి భూదానం మొదలుపెట్టాడు. ఇంకో ముచ్చట: 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా అదే పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసింది. ఆ సంస్థ ఆఫీసు ఎక్కడుందో తెలుసా? స్పెయిన్‌లో, మాడ్రిడ్‌లో. స్పెయిన్ వాళ్లకి మన పల్లె కనిపించింది, మనకి కనిపిస్తలేదు.

ఇది నాకెందుకింత పట్టింపు అంటే, ఒక చిన్న ముచ్చట చెప్పి ముగిస్తా.

ఆ రోజు ఫణిగిరి నుంచి ఎండదెబ్బతో ఇంటికొచ్చి, మా నాయనమ్మకి ఫోన్‌లో ఫొటోలు చూపించిన. ఆమె స్తూపాన్ని పట్టించుకోలేదు. "ఎండల గుట్టెందుకెక్కినవ్ రా, పనిలేదా" అన్నది. తర్వాత తనంతట తానే మొదలుపెట్టింది. చిన్నప్పుడు గడీ ముందు నుంచి పోవాలంటే వాళ్ల నాయిన చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేవాడట. వెట్టికి పిలిస్తే సగం తిన్న అన్నం వదిలి పోయేవాడట. సంగం వాళ్లు వచ్చిన తర్వాత ఒక రోజు చెప్పులు వేసుకొనే గడీ ముందు నుంచి నడిచి పోయిండట, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చొని ఏడ్చిండట. ఎందుకు ఏడుస్తున్నాడో ఆమెకి అప్పుడు అర్థం కాలేదట.

ఇరవై నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా, ఈ ముచ్చట నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అంటే, నేనెప్పుడూ అడగలేదు. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కిన. పదకొండు నిమిషాలు మాట్లాడింది, తర్వాత నిద్ర వస్తున్నదని పడుకున్నది. మిగతాది మళ్లీ చెప్పించుకుందామని అనుకున్నా. పరీక్షలు, ఉద్యోగం, అట్ల రెండేళ్లు పోయింది. ఆ తర్వాత ఆమెకి నేనెవరో కూడా గుర్తుండలేదు. ఇప్పుడు ఆమె లేదు. నా దగ్గర ఉన్నది పదకొండు నిమిషాలు.

చందుపట్ల రాయి ఏడు వందల ఏళ్లు ఆగింది. మనుషులు అంతసేపు ఆగరు.

అందుకే ప్లాన్ ఇట్లా చేసుకోండి. రెండు రాత్రులు వరంగల్: కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప. మూడో రోజు దారి: పాలకుర్తి, కడవెండి, ఫణిగిరి, చీకటి పడేసరికి సూర్యాపేట. నాలుగో రోజు పిల్లలమర్రి, వీలైతే చందుపట్ల, సాయంత్రం అదే రోడ్డున హైదరాబాద్. బేసి సంవత్సరంలో ఫిబ్రవరిలో పోతే దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర కూడా తగలొచ్చు, కానీ ఆ రోజుల్లో లాడ్జి ముందే చూసుకోండి. గుళ్ల దగ్గర రాళ్ల మీద కాళ్లు పెట్టి రీల్స్ చేయొద్దు. అక్షరాలున్న రాయి ఎక్కడన్నా పొలం గట్టు మీద, బావి దగ్గర పడి కనిపిస్తే ఫొటో తీసి, లొకేషన్ పెట్టి పురావస్తు శాఖ వాళ్లకి పంపండి. సున్నం పూయొద్దు, కడగొద్దు, కదిలించొద్దు.

ఇంకొకటి, దీనికి రూపాయి ఖర్చు లేదు. మీ ఇంట్లో ఎనభై దాటిన మనిషి ఉంటే, ఈ ఆదివారం పక్కన కూర్చొని ఫోన్ రికార్డింగ్ ఆన్ చేయండి. చెరువు ఎవరు తవ్వారో, గడీ ఎట్లుండేదో, వాళ్ల నాయిన ఏం పని చేసేవాడో అడగండి. ఊరికే వినండి, మధ్యలో ఆపొద్దు.

నా దోస్తు స్పెయిన్ పోయొచ్చిండు. అల్పుహారాలో ఒక ఊర్లో కాలువ పక్కన కూర్చొని ఫొటో పెట్టిండు, కింద రాసిండు: "మా ఊరి తూము కాలువ లెక్కనే ఉన్నది మామా." సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు ఇద్దరం ఫణిగిరి ఎక్కినం, పొద్దున ఏడున్నరకి. నీళ్లు రెండు లీటర్లు వాడే మోసిండు.